అరచేతి పలకతో ప్రోగ్రామింగు తొలి పాఠాలు: చందాపుర పరిసరాల తలిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

బెంగళూరు నుండి హోసూరు వెళ్ళే జాతీయ రహదారిపై ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్ర దాటిన తరువాత ఆనేకల్ దారి చీలే కూడలి చందాపుర. దానికి దక్షిణంగా అత్తిబెలె, ఆపైన తమిళనాడు సరిహద్దు, హోసూరు. ఈ దారికి ఇరువైపులా గల పల్లెలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. ఇంట తెలుగు, బడిలో కన్నడమో తమిళమో, ఉద్యోగానికి ఆంగ్లం: ఇది ఇక్కడి పిల్లల నిత్యజీవితం.

1976లో కర్ణాటక ప్రభుత్వం నెలకొల్పిన కియోనిక్స్ సంస్థకు తొలి అధిపతిగా పనిచేసిన ఆర్.కె. బాళిగ ఆలోచన ఫలితంగా కోనప్పన అగ్రహార, దొడ్డతోగూరు గ్రామాల భూములలో 332 ఎకరాల ఎలక్ట్రానిక్ సిటీ వెలసింది. 2025 ఆగస్టులో బొమ్మసంద్ర వరకు మెట్రో రైలు కూడ వచ్చింది. ఆ అద్దాల మేడలలో జరిగే పని ఏమిటో, అది మన పిల్లలకు ఎట్లా అబ్బుతుందో అన్న ప్రశ్న మాత్రం పల్లె ఇళ్ళలో అట్లాగే నిలిచి ఉన్నది. ఈ ప్రశ్నను ఆసరా చేసుకొని ఊరూరా కోడింగు తరగతుల ప్రకటనలు వెలుస్తున్నాయి. రుసుము కట్టాలా వద్దా అని ఆలోచించే తలిదండ్రులకు అసలు విషయం తెలిసి ఉండడం అవసరం. బడి పిల్లలకు ప్రోగ్రామింగు మూలసూత్రాలను ఒక చిన్న పరికరంతో ఎట్లా నేర్పుతారో, అందులో నేర్వదగినది ఎంతో ఈ వ్యాసంలో వివరిస్తున్నాము.

ప్రోగ్రామింగు అంటే ఏమి?

యంత్రం చేయవలసిన పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, దానికి అర్థమయ్యే రీతిలో, తప్పని క్రమంలో వ్రాసి పెట్టడమే ప్రోగ్రామింగు. రాగిముద్ద చేయడాన్ని ఉదాహరణగా తీసుకొందాము. ముందు నీరు మరగాలి, తరువాత పిండి పడాలి, కొంతసేపు ఉడకాలి, ఆపైన కట్టెతో గెలకాలి. పిండి ముందు పోసి చన్నీరు తరువాత పోస్తే అది ముద్ద కాదు, ఉండలు కడుతుంది. పదార్థాలు అవే, క్రమం మారినందున ఫలితం మారింది.

ఇంకొక సంగతి కూడ గమనించదగినది. "తగినంత ఉప్పు వేయి" అని అత్త చెబితే కోడలికి అర్థమవుతుంది. యంత్రానికి అర్థం కాదు. తగినంత అంటే ఎంత? ఎన్ని గ్రాములు? ఎప్పుడు? చెప్పనిదానిని ఊహించి చేసే శక్తి ఈ చిన్న యంత్రానికి లేదు. కనుక తన మనసులోని మాటను సందేహానికి తావులేకుండా చెప్పడం పిల్లవానికి ఇక్కడ మొదటి పాఠం అవుతుంది. ఈ పాఠం కంప్యూటరు ఉద్యోగం చేయని వారికి కూడ ఉపకరించేదే.

తాబేలు నుండి పలక వరకు

పిల్లలకు యంత్రాలతో ప్రోగ్రామింగు నేర్పే ప్రయత్నం కొత్తది కాదు. 1967లో అమెరికాలో సీమోర్ పేపర్ట్, వాలీ ఫర్జైగ్, సింథియా సాలమన్ మొదలైనవారు లోగో అనే ప్రోగ్రామింగు భాషను పిల్లల కోసం రూపొందించారు. తరువాత దానికి తాబేలు అనే చిన్న యంత్రాన్ని జోడించారు. ముందుకు నడువు, కుడికి తిరుగు అని పిల్లలు ఆదేశిస్తే అది నేలపై గీతలు గీసేది. చేతితో తాకి, కంటితో చూడగల వస్తువు ఉన్నప్పుడు పిల్లలు భావనలను త్వరగా పట్టుకొంటారన్నది పేపర్ట్ సిద్ధాంతం.

బ్రిటన్‌లో 1981లో ఏకార్న్ సంస్థ తయారుచేసిన బిబిసి మైక్రో అనే కంప్యూటరు బడులలో విరివిగా వాడుకలోకి వచ్చింది. మన దేశంలో కూడ 1984-85లో కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం క్రింద అవే కంప్యూటర్లను ఎంపిక చేసిన బడులలో ప్రవేశపెట్టింది. 2016లో అదే బిబిసి పలు సంస్థలతో కలిసి మైక్రోబిట్ అనే చిన్న పలకను తయారుచేయించి, బ్రిటన్‌లో 11, 12 ఏళ్ళ వయసు గల సుమారు 10 లక్షల మంది పిల్లలకు ఉచితంగా పంచింది. ఏకార్న్ సంస్థలో పుట్టిన ఆర్మ్ జాతి ప్రాసెసరే ఈ పలకలో కూడ పనిచేస్తుండడం విశేషం. ప్రస్తుతం ఒక లాభాపేక్ష లేని సంస్థ దీని వ్యవహారాలను చూస్తున్నది.

పలకలో ఏమేమి ఉన్నవి?

మైక్రోబిట్ సుమారు 5 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు గల పలక. దాని ముఖభాగంలో 5 వరుసలలో 25 చిన్న ఎర్ర దీపాలు, ఇరుప్రక్కల రెండు మీటలు ఉంటాయి. పలకను ఊపినా వంచినా కనిపెట్టే పరికరం, దిక్సూచి, ఉష్ణోగ్రతను, వెలుగును కొలిచే ఏర్పాటు కలవు. 2020లో వచ్చిన రెండవ రూపంలో మైకు, చిన్న స్పీకరు కూడ చేర్చారు. ఒక పలక నుండి ఇంకొక పలకకు ఇంటర్నెట్టు లేకుండానే రేడియో ద్వారా సందేశం పంపవచ్చును.

ప్రోగ్రామును కంప్యూటరులో గాని, సెల్‌ఫోనులో గాని తయారుచేస్తారు. అందుకు మేక్‌కోడ్ అనే ఉచిత సాధనం ఉన్నది. అందులో రంగురంగుల దిమ్మెలను ఒకదాని క్రింద ఒకటి అతికిస్తే ప్రోగ్రాము సిద్ధమవుతుంది. దానిని యుఎస్‌బి తీగ ద్వారా, పెన్‌డ్రైవులోకి పాట ఎక్కించిన రీతిగా పలకలోకి ఎక్కిస్తారు. ఆ తరువాత తీగ తీసివేసి రెండు సన్న పెన్సిల్ బ్యాటరీలు తగిలించినా అది పనిచేస్తుంది. ఇది మూడు వోల్టుల పరికరం. ఇంటి కరెంటుకు గాని, బోరు మోటారు తీగలకు గాని ఎన్నడూ కలుపరాదని పిల్లలకు మొదటి రోజే చెప్పాలి.

అయిదు మూల భావనలు

మొదటిది క్రమం. దీనిని రాగిముద్ద ఉదాహరణలో చూచాము. పలకపై ముందు నవ్వు ముఖం, ఒక సెకను తరువాత ఏడుపు ముఖం చూపమంటే అదే వరుసలో చూపుతుంది. నడుమ ఆ ఒక్క సెకను విరామం చెప్పకపోతే మొదటి బొమ్మ కొద్దిసేపే నిలిచి రెండవది వచ్చేస్తుంది.

రెండవది పునరావృతం. మన ఆడపిల్లలకు దీనిని వేరుగా నేర్పనక్కరలేదు. చుక్కల ముగ్గు పెట్టేటప్పుడు వారు చేసేది ఇదే. పలకలోని 25 దీపాలు అయిదు చుక్కలు అయిదు వరుసల ముగ్గు వంటివి. ఒక్కొక్క దీపానికి ఒక నిలువు సంఖ్య, ఒక అడ్డు సంఖ్య ఉంటాయి. లెక్క 1 నుండి గాక 0 నుండి మొదలై 4తో ముగుస్తుంది. నట్టనడిమి దీపం 2, 2. పై ఎడమ మూల నుండి క్రింది కుడి మూలకు ఏటవాలు గీత కావాలంటే అయిదు ఆదేశాలు వ్రాయనక్కరలేదు. "ఒక సంఖ్యను 0 నుండి 4 వరకు పెంచుతూ, నిలువు అడ్డు రెండింటికీ ఆ సంఖ్యనే తీసుకొని దీపం వెలిగించు" అంటే చాలు. రెండవ ఏటవాలు గీతకు అడ్డు సంఖ్య స్థానంలో 4 నుండి ఆ సంఖ్యను తీసివేసి వ్రాయాలి. రెండు గీతలలో కలిపి ఎన్ని దీపాలు వెలుగుతాయని పిల్లలను అడగండి. పది అని తొందరపడేవారు ఉంటారు. నడిమి దీపం రెండింటికీ ఉమ్మడి గనుక తొమ్మిదే.

మూడవది షరతు. "తొట్టి నిండితే మోటారు ఆపు, లేకుంటే నడవనీ" అన్నది రైతు ఇంట రోజూ వినబడే షరతు. పలకను ఊపితే ఒక బొమ్మ, ఊపకుంటే ఇంకొక బొమ్మ అన్నది దీని తొలి అభ్యాసం.

నాలుగవది చలరాశి. అంటే విలువను దాచుకొనే పేరుగల పెట్టె. పాల డైరీకి పోసే పాల లెక్కను తీసుకోండి. "మొత్తం" అనే పెట్టెలో మొదట 0 ఉంచాలి. ఎడమ మీట నొక్కినప్పుడల్లా ఒక లీటరు కలపాలి. కుడి మీట నొక్కితే మొత్తం చూపాలి. ఉదయం 6 సార్లు, సాయంత్రం 4 సార్లు నొక్కితే 10 కనబడుతుంది. బ్యాటరీ తీసి మరల పెడితే ప్రోగ్రాము చెక్కు చెదరదు గాని, మొత్తం తిరిగి 0 అవుతుంది. యంత్రంలో శాశ్వతంగా ఉండే జ్ఞాపకం వేరు, పని నడిచినంతసేపే ఉండే జ్ఞాపకం వేరు అన్న సంగతి పిల్లలకు ఇట్లా స్వయంగా తెలిసివస్తుంది.

అయిదవది సంఘటన. బడిగంట మ్రోగగానే పిల్లలు లేచినట్లు, మీట నొక్కగానే, పలక ఊపగానే, రేడియో సందేశం అందగానే ఫలానా పని జరగాలని ముందుగా చెప్పి ఉంచడం ఇది. సెల్‌ఫోనులో మనం ముట్టుకొన్న ప్రతి బొమ్మ వెనుక ఉన్న సూత్రం ఇదే.

తప్పు దిద్దుకొనడమే అసలు చదువు

పై పాల లెక్కలో పిల్లలు తరచు చేసే తప్పు ఒకటి ఉన్నది. మొత్తాన్ని 0 చేసే ఆదేశాన్ని ఆరంభంలో ఒక్కసారి ఉంచడానికి బదులు ఎల్లప్పుడూ తిరిగే దిమ్మెలో ఉంచుతారు. అప్పుడు ఎన్ని లీటర్లు కలిపినా పలక 0 అనే చూపుతుంది. యంత్రం పాడైపోలేదు, చెప్పినట్లే చేసింది. ఎక్కడ చెప్పడం తప్పినామో ఒక్కొక్క మెట్టు వెనుకకు నడచి చూచుకోవాలి. ఉపాధ్యాయుడు వెంటనే చెప్పివేస్తే పాఠం అక్కడితో ఆగిపోతుంది. "ఈ మెట్టు దగ్గర మొత్తం ఎంత ఉన్నదో పలకపై చూపించి చూడు" అని దారి మాత్రం చూపితే పిల్లవాడే పట్టుకొంటాడు.

మల్బరీ సాగు గల ఇళ్ళ పిల్లలకు మరొక మంచి అభ్యాసం కలదు. పట్టుపురుగుల గదిలో వేడి 28 డిగ్రీలు మించితే హెచ్చరిక చూపాలి అనుకొందాము. "28 కన్నా ఎక్కువైతే" అని వ్రాస్తే సరిగ్గా 28 ఉన్నప్పుడు ఏమి జరుగుతుంది? హెచ్చరిక రాదు. "28 గాని అంతకన్నా ఎక్కువ గాని" అని వ్రాస్తే వస్తుంది. ఏది కావాలో నిర్ణయించవలసినది మనిషే. ప్రోగ్రాములలో తప్పులు ఎక్కువగా దాగేది ఇటువంటి హద్దుల దగ్గరనే. అయితే ఈ పలకలోని ఉష్ణోగ్రత కొలత దాని ప్రాసెసరు వేడిని తెలిపేది. గది వేడి కన్నా కొంత ఎక్కువగా చూపవచ్చును. కనుక పురుగుల పెంపకానికి మామూలు థర్మామీటరునే నమ్మాలి. యంత్రం చూపిన అంకెను పోల్చి చూడకుండా నమ్మరాదన్న జ్ఞానం కూడ చదువులో భాగమే.

నేల తడిని చూచే ప్రయోగం కూడ ఇటువంటిదే. రెండు మేకులను మట్టిలో గుచ్చి, ఒకదానిని పలక మూడు వోల్టుల అంచుకు, రెండవదానిని కొలిచే అంచుకు తీగలతో కలిపితే 0 నుండి 1023 లోపల ఒక అంకె కనబడుతుంది. తడి పెరిగితే అంకె పెరుగుతుంది. ఎర్రనేలకు, నల్లరేగడికి అంకెలు వేరు. అందువలన పిల్లలు తమ పెరటి మట్టిని ఎండుగా ఒకసారి, తడిపి ఒకసారి కొలిచి, నడుమ ఒక హద్దును తామే ఏర్పరచుకోవాలి. మేకులు కొన్నాళ్ళకు తుప్పు పడతాయి, అంకెలు మారుతాయి. అప్పుడు మరల కొలవాలి.

భాష సంగతి

దిమ్మెలపై పదాలు సాధారణంగా ఆంగ్లంలో కనబడతాయి. సరిహద్దు పిల్లలు ఇప్పటికే రెండు మూడు లిపులు మోస్తున్నారు. తమిళనాడులో 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరువాత హోసూరు ప్రాంతపు తెలుగు పిల్లలకు తమిళం తప్పనిసరి పాఠ్యాంశం అయింది. కర్ణాటక వైపు కన్నడం ఉన్నది. ఆంగ్లం రానంత మాత్రాన ప్రోగ్రామింగు రాదని భయపడవలసిన పని లేదు. ఆరంభ దశలో కావలసిన ఆంగ్ల పదాలు కొద్దిపాటివే, భావన మాత్రం ఇంటి భాషలో ముందే ఉన్నది. "వాన వస్తే" అని తెలుగులో, "మళె బందరె" అని కన్నడంలో, "మళై వందాల్" అని తమిళంలో అంటాము. మూడు భాషలలోను షరతు క్రియ చివర అతుక్కొని ఉంటుంది, ఫలితం దాని తరువాత వస్తుంది. ఆంగ్లంలో మాత్రం 'ఇఫ్' అనే పదం ముందుగా నిలబడుతుంది. ఈ తేడా ఒక్కటి విడమరచి చెబితే పిల్లలు ఇట్టే గ్రహిస్తారు.

అందుచేత పాఠం తెలుగులో, కన్నడంలో, తమిళంలో చెప్పి, ఆంగ్ల పదాన్ని దిమ్మె పేరుగా గుర్తు పెట్టించడం మేలు. మన లిపికి ఇక్కడ ఒక చిక్కు మాత్రం ఉన్నది. 25 దీపాలలో ఆంగ్ల అక్షరాలు ఇముడుతాయి గాని, వత్తులు గుణింతాలతో కూడిన తెలుగు అక్షరాలు ఇమడవు. తమ పేరు వ్రాయాలని పిల్లలు ముచ్చటపడితే, తమకు నచ్చిన గుర్తును చుక్కల కాగితంపై గీసుకొని పలకపై వెలిగించమనండి.

బడులలో ఉన్న అవకాశాలు

2020 నాటి జాతీయ విద్యావిధానం మాధ్యమిక దశలో, అనగా 6 నుండి 8 తరగతులలో, కోడింగు కృత్యాలు ప్రవేశపెట్టాలని పేర్కొన్నది. కేంద్ర మాధ్యమిక విద్యా మండలి 2021లో ఆ తరగతులకు కోడింగును నైపుణ్య పాఠ్యాంశంగా చేర్చింది. నీతి ఆయోగ్ 2016లో ఆరంభించిన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం క్రింద 6 నుండి 12 తరగతుల పిల్లల కోసం ఎంపికైన బడికి 20 లక్షల రూపాయల వరకు సహాయం అందుతుంది. దేశమంతటా ఇటువంటి ల్యాబులు 10,000 వరకు ఏర్పడినాయి. ప్రభుత్వ బడులలో రానున్న అయిదేళ్ళలో మరి 50,000 ల్యాబులు నెలకొల్పుతామని 2025 కేంద్ర బడ్జెటులో ప్రకటించారు. కేరళ ప్రభుత్వం 2018లో లిటిల్ కైట్స్ అనే విద్యార్థి సంఘాలను బడులలో స్థాపించి, 2022 చివరలో రోబోటిక్ కిట్ల పంపిణీ కూడ మొదలుపెట్టింది.

మూడు రాష్ట్రాలు కలిసే చోటనే ఉన్న కుప్పం దగ్గర, గుడివంక వద్ద అగస్త్య ఫౌండేషన్ వారి 172 ఎకరాల విజ్ఞాన ప్రాంగణం కలదు. 1999లో స్థాపితమైన ఈ సంస్థ చేతితో చేసి నేర్చుకొనే సైన్సును పల్లె బడులకు వాహనాల ద్వారా కూడ తీసుకొని వెళ్ళుతున్నది. మీ బడిలోగాని పొరుగు బడిలోగాని ఏ ఏర్పాటు ఉన్నదో ముందుగా ప్రధానోపాధ్యాయులను అడిగి తెలుసుకోండి. తాళం వేసి ఉన్న గదిని తెరిపించడానికి తలిదండ్రుల ప్రశ్న ఒక్కటే చాలిన సందర్భాలు ఉంటాయి.

రుసుము కట్టే ముందు

కోడింగు నేర్వని పిల్లలు వెనుకబడిపోతారని, నేర్చినవారు కోట్లు గడిస్తారని చెప్పే ప్రకటనలను నమ్మరాదు. 2020లో ఒక ఆన్‌లైను సంస్థ ఇచ్చిన ఇటువంటి ప్రకటనలను ఉపసంహరించుకొనవలసిందిగా భారత ప్రకటనల ప్రమాణాల మండలి కోరవలసి వచ్చింది. ప్రోగ్రామింగు నేర్వగానే తెలివితేటలన్నీ దానంతట అవే పెరుగుతాయన్న మాట కూడ నిలబడలేదు. 1984లో రాయ్ పీ, మిడియన్ కర్లాండ్ అనే అమెరికా పరిశోధకులు లోగో నేర్చిన పిల్లలను ఇతరులతో పోల్చి చూడగా, పనిని ముందుగా యోచించే నేర్పులో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. మంచి ఉపాధ్యాయుడు ప్రక్కన ఉండి, ఇక్కడ నేర్చినదానిని లెక్కలకు, సైన్సుకు అన్వయించి చూపితేనే ప్రయోజనం.

తరగతిలో చేర్చే ముందు ఈ ప్రశ్నలు అడగండి. ఒక్కొక్క పరికరానికి ఎందరు పిల్లలు? ఇద్దరైతే మేలు, అయిదుగురైతే ముగ్గురు చూస్తూ కూర్చుంటారు. పిల్లవాడు తానుగా ఆలోచించి చేసే పని వారానికి ఎంత, చూచి దించేది ఎంత? మధ్యలో మానివేస్తే సొమ్ము తిరిగి ఇస్తారా? వాయిదాల పద్ధతి అంటే చాలాచోట్ల అది ఇంకొక సంస్థ ఇచ్చే అప్పు. తరగతి మానినా అప్పు మానదు. ఫోనులో వచ్చిన అంకెను చెప్పేముందు, సంతకం పెట్టేముందు కాగితం చదివించుకోండి. ధ్రువపత్రం కన్నా, నెల గడిచిన తరువాత పిల్లవాడు ఏమి చేసి చూపగలడో అడగడం మంచిది.

పరికరం లేకున్నా

పలక కొనలేని ఇంట కూడ పాఠం ఆగనక్కరలేదు. మేక్‌కోడ్ తెరపైనే పలక బొమ్మ ఒకటి ఉంటుంది. ప్రోగ్రాము అందులో నడుస్తుంది, రుసుము లేదు. ఊపడం, మీట నొక్కడం కూడ తెరపైనే చేయవచ్చును. ఫోను కూడ లేని చోట ముగ్గుపిండి చాలు. వాకిట అయిదు గళ్ళు అయిదు వరుసలు గీయండి. ఒకరు యంత్రం, ఒకరు ఆదేశించేవారు. రెండు అడుగులు ముందుకు, కుడికి తిరుగు, ఎదుట రాయి ఉంటే ఎడమకు తిరుగు అని ముందుగా కాగితంపై వ్రాసి, ఆ తరువాత మాట మార్చకుండా నడిపించాలి. కంప్యూటరు లేకుండా కంప్యూటరు పాఠాలు చెప్పే ఈ తరహా పద్ధతిని న్యూజిలాండులో టిమ్ బెల్, ఆయన సహచరులు 1990 దశకంలో గ్రంథస్థం చేసి ప్రపంచమంతటా వ్యాప్తి చేశారు.

తలిదండ్రులకు ప్రోగ్రామింగు రాకపోయినా ఫరవాలేదు. సాయంత్రం పిల్లలను కూర్చోబెట్టుకొని, "ఇది ఇట్లా ఎందుకు జరిగింది, నీవు దానికి ఏమని చెప్పినావు?" అని అడిగితే చాలు. తాను చేసినదానిని అమ్మకో తాతకో ఇంటి మాటలలో విడమరచి చెప్పగలిగితే ఆ పాఠం వచ్చినట్లే. చెప్పలేకపోతే ఎంత రుసుము కట్టినా ఇంకా రాలేదని గ్రహించి, ఆ పాఠాన్నే మరి ఒకసారి చేయించాలి.